ఆరడుగుల మొహమాటం

కత్తెరక్కకు ఒక జబ్బుంది. ఎవరు ఏమిచ్చినా వద్దంటుంది. మంచినీళ్లిస్తే దాహం లేదంటుంది. కుర్చీ చూపిస్తే నిలబడడమే హాయిగా ఉందంటుంది. బస్సులో ఎవరైనా లేచి చోటిస్తే, తను దిగే చోటు వచ్చేసిందని చెప్పి, చెప్పినందుకు నిజంగానే దిగిపోయి, మిగతా దూరం ఎండలో నడుస్తుంది. అదే ఎవరైనా ఏదైనా అడిగితే మాత్రం ఆ వస్తువు తన చేతిలో ఒక్క క్షణం నిలవదు. ఆమె అసలు పేరు వీధిలో ఎవరికీ గుర్తులేదు. పాంట్లకు పొడవు తగ్గించడం, పరదాలు కుట్టడం, తెగిన జిప్పులు మార్చడం ఆమె పని. చేతిలో కత్తెర లేకుండా ఆమెను చూసినవాళ్లు లేరు కాబట్టి ఆ పేరే స్థిరపడిపోయింది.

ఇలాంటి మనిషి రాయబార కార్యాలయానికి వీసా అడగడానికి వెళ్లడమే ఒక విడ్డూరం. కానీ వెళ్లక తప్పలేదు. అక్క కళ్లు పోతున్నాయి.

ఆ కబురు అక్క కొడుకు ఫోనులో చెప్పాడు. "పిన్నీ, అమ్మకి నెలాఖరులో కళ్ల ఆపరేషన్. చూపు నిలబడొచ్చు, పోవచ్చు, చెప్పలేం అన్నాడు డాక్టరు. నిన్ను రమ్మని అమ్మ అనట్లేదు. కానీ రోజూ కిటికీ దగ్గర కూర్చుని అందరి ఫోటోలూ తీసి చూసుకుంటోంది. నీది చూస్తే ఫ్రాకు వేసుకున్నప్పటి ఫోటో తప్ప ఇంకోటి లేదు. దాని మొహం ఇప్పుడెలా ఉందో అంటోంది."

"నన్ను చూడాలని ఉందందా?"

"అనలేదు పిన్నీ. ఆ ఫోటో ఒక్కటే తిరిగి పెట్టెలో పెట్టలేదు."

అక్కాచెల్లెళ్ల మధ్య మాటల్లేక ఏళ్లు గడిచాయి. ఆస్తి తగాదా అని లోకం అనుకుంది. ఆస్తి తగాదానే, కాకపోతే తిరగేసిన తగాదా. అమ్మ పోయాక ఇంట్లో మిగిలిన విలువైన వస్తువు ఆమె కుట్టుమిషను ఒక్కటే. నువ్వు తీసుకో అంది అక్క. పెద్దదానివి, నువ్వే తీసుకో అంది చెల్లెలు. కుట్టుపని చేసుకునేదానివి, నీకే పనికొస్తుంది అంది అక్క. అమ్మ మనసులో నువ్వే ఉన్నావు అంది చెల్లెలు. ఇలా ఒకరికొకరు ఇచ్చుకుంటూ ఇచ్చుకుంటూ గొంతులు పెంచుకుని, పక్కింటివాళ్లు వచ్చి విడదీసేదాకా తెచ్చుకున్నారు. అక్క మొగుడికి వేరే దేశంలో ఉద్యోగం. వాళ్లు ప్రయాణమయ్యే రోజున చెల్లెలు తెల్లవారకముందే చీకట్లో మిషను తలను బల్ల మీంచి ఊడదీసి, దుప్పట్లో చుట్టి, అక్క పెట్టె అడుగున ఎవరూ చూడకుండా పెట్టేసింది. అక్క మాత్రం తక్కువ తిందా? అంతకు ముందే మిషను చక్రాన్ని విప్పి చెల్లెలి బియ్యం డబ్బాలో పాతిపెట్టింది, చక్రం ఇక్కడుంటే మిషనూ ఇక్కడే ఉంటుందని. అలా మిషను తల సముద్రం దాటిపోయింది, చక్రం ఇక్కడ ఉండిపోయింది, ఆ పైన అది ఏ దేశంలోనూ ఒక్క కుట్టు వేయలేదు. నా మాటకు విలువ లేదన్నమాట అని ఇద్దరూ అదే మాట అనుకుని, మాటలు మానేశారు.

వీసా కాగితాల్లో ఒకచోట, చూడబోయే మనిషి నీకు ఏమవుతుందో రుజువు చూపమని ఉంది. అక్కకు పెళ్లయి ఇంటి పేరు మారింది. ఇద్దరి పేర్లూ ఉన్న కాగితం ఒక్కటీ లేదు. కత్తెరక్క బాగా ఆలోచించి, చక్రాన్ని నూనె గుడ్డతో తుడిచి, గుడ్డసంచిలో వేసుకుంది. అక్క ఇంట్లో ఉన్న మిషను తలకు ఇది తప్ప మరో చక్రం పట్టదు, అంతకంటే రుజువేం కావాలి అనుకుంది. నన్నడిగితే ఆమె అనుకున్నదాంట్లో తప్పేమీ లేదు.

అక్క దేశపు రాయబార కార్యాలయం ఒకప్పుడు ఇరుకు సందులో, ఒక మేడ మీద ఉండేది. తలుపు తడితే ఎవరో ఒకరు వచ్చి తీసేవాళ్లు. ఒక దేశం ఇంత తేలిగ్గా తలుపు తీయడం నామోషీ అనిపించి, పెద్ద రోడ్డు మీద ఈ కొత్త భవనం కట్టించారు. దీన్ని గీసిన ఆర్కిటెక్టు ఏ సభలో నిలబెట్టినా ఒకటే చెప్పేవాడు: "ఇది భవనం కాదండీ, కరచాలనం." పైనుంచి చూస్తే రెండు రెక్కలు రెండు అరచేతుల్లా కలవబోతున్నట్టు ఉంటాయట. పైనుంచి చూసే వీలు కాకులకు తప్ప లేదు కాబట్టి ఎవరూ కాదనలేదు.

మా దగ్గర దాపరికం లేదని చాటడానికి గోడలన్నీ గాజుతో కట్టారు. ఆ గాజు మూడు పొరల మందం, గుండు తగిలినా పగలదు, ఎండకు నల్లబడుతుంది. లోపల ఏముందో చూద్దామని వెళ్లినవాడికి తన మొహమే కనిపిస్తుంది, జనం అక్కడ ఆగి తల దువ్వుకునేవాళ్లు. ముందు కలువల కొలను ఉంది. అది నిజానికి కందకం. దారి పొడవునా పూలకుండీలున్నాయి. ఒక్కోటి లారీ వచ్చి గుద్దినా కదలదు, దాంట్లోని పువ్వు మాత్రం ఫ్యాను గాలికి రాలిపోతుంది. కూర్చోవడానికి రాతి బెంచీలు వేశారు, వాటి మధ్య దూరం మనుషుల కాళ్లను చూసి కాకుండా కార్ల వెడల్పును చూసి పెట్టారు. రండి రండి అని పిలుస్తూనే ఎవరూ రాకుండా చూడడం అంత తేలికైన విద్య కాదు. ఆ విద్యలో ఆర్కిటెక్టుకు బహుమతి కూడా వచ్చింది.

ఆ బహుమతి ముఖ్యంగా గడపగదికి వచ్చింది. రెండు రెక్కలు కలిసే చోట, బయటి తలుపుకూ లోపలి తలుపుకూ మధ్య ఆరడుగుల వెడల్పున్న గాజుగది అది. లోపలి మనిషి కాపలావాళ్లకు కనిపించాలి కాబట్టి దీని గాజుకు నలుపు కాస్త తగ్గించారు. ఒక తలుపు మూసుకుంటేనే ఇంకోటి తెరుచుకుంటుంది. నేలంతా ఒక తూకపు పలక. బయటి తలుపు దగ్గర మనిషి ఎంత తూగాడో లోపలి తలుపు దగ్గర కూడా అంతే తూగాలి. తగ్గితే, ఏదో ఆ గదిలో దాచినట్టు లెక్కకట్టి యంత్రం రెండు తలుపులూ బిగించేస్తుంది. పెరిగితే ఏం చేయాలో యంత్రానికి ఎవరూ చెప్పలేదు. రాయబార కార్యాలయానికి వచ్చి ఒళ్లు చేసినవాడు ఏ దేశంలోనూ లేడని వాళ్ల నమ్మకం.

కత్తెరక్క వెళ్లిన రోజున బయటి తలుపు దగ్గర ఒక గార్డున్నాడు. వచ్చినవాళ్లతో మర్యాదగా మెలగడం గురించి ముందు రోజే అతనికి శిక్షణ ఇచ్చారు. ఆమె గదిలోకి అడుగుపెట్టింది, పలక తూచింది, తలుపు మూసుకోబోతోంది.

"సంచి బరువుగా ఉన్నట్టుందమ్మా, ఇటివ్వండి. మీరు బయటికొచ్చేదాకా నేను చూస్తాను" అని చెయ్యి చాపాడు.

అదే అతను ఏదైనా ఇవ్వబోయి ఉంటే ఆమె వద్దనేది, ఈ కథ ఇక్కడే అయిపోయేది. అతను అడిగాడు. అడిగితే ఇవ్వకుండా ఉండడం ఆమెకు చేతకాదు. సంచి చేతులు మారింది, తలుపు మూసుకుంది. లోపలి తలుపు దగ్గరికెళ్లి నిలబడగానే ఎర్ర దీపం వెలిగి, పైనుంచి ఒక తియ్యని గొంతు వినిపించింది.

"మీరు తక్కువగా ఉన్నారు. దయచేసి మిగతా మీరు వచ్చేవరకు వేచి ఉండండి."

కత్తెరక్క చుట్టూ చూసింది. మిగతా తను గాజుకు అవతల గార్డు చంకలో ఉంది.

సంచి తిరిగిచ్చేద్దామంటే తలుపు రాదు. రెండు తలుపుల పక్కనా గాజుకు కింద కాగితాలు అందించుకునే సొరుగు ఒక్కోటి ఉంది. గార్డు చక్రాన్ని తన వైపు సొరుగులోకి తోయబోతే సగందాకా వెళ్లి ఇరుక్కుంది, దాన్ని వెనక్కి లాగడానికి ఇద్దరు మనుషులు పట్టారు. యంత్రం చేసిన కంపెనీకి ఫోను చేశారు. తాళం విప్పే సంకేతం గది యజమానికి మాత్రమే చెబుతామని, ఆ గది ఏ దేశానిదో ఆ దేశం నుంచి అడిగించమని వాళ్లు ఎంతో వినయంగా సెలవిచ్చారు.

మధ్యాహ్నానికి రాయబారి లోపలి తలుపు దగ్గరికొచ్చి నిలబడ్డాడు. విదేశాంగ శాఖ నుంచి వచ్చిన పెద్దాయన బయటి తలుపు దగ్గర నిలబడ్డాడు. ఇద్దరి మధ్యా కత్తెరక్క, ఇద్దరి మాటలూ గోడకున్న స్పీకర్లో వింటూ.

"మీ దేశపు మనిషి, మీ దేశపు నేల. మీరు తలుపు పగలగొట్టించుకోవచ్చు. మాకేమీ అభ్యంతరం లేదు" అన్నాడు రాయబారి.

"ఎంతమాటండీ. మీ గడప మీద మా పోలీసులు చెయ్యి వేయడమా? అది మీదే."

"అబ్బే, మీదే అనుకోండి."

"మేమలా అనుకోలేమండీ. మీరు మాకు అతిథులు."

చివరికి పటాలు తెప్పించారు. అప్పుడు బయటపడింది అసలు సంగతి. భవనం కట్టే ముందు రెండు దేశాల సర్వేయర్లూ హద్దు గీయడానికి వచ్చారు. వచ్చినవాళ్ల దగ్గర పిసినారితనం ఎందుకని ఇక్కడివాళ్లు తమ గీతను మూడడుగులు రోడ్డు వైపు జరిపి గీశారు. పరాయి నేల మీద ఆశపడుతున్నామని అనుకోకూడదని వాళ్లేమో తమ గీతను మూడడుగులు లోపలికి జరిపి గీశారు. ఒకరి పటం ఒకరు చూడడం అపనమ్మకంలా ఉంటుందని చూడకుండానే సంతకాలు చేసి, టీ తాగి వెళ్లిపోయారు. మధ్యలో ఆరడుగుల నేల ఎవరికీ కాకుండా మిగిలిపోయింది. సరిగ్గా దాని మీదే ఆర్కిటెక్టు తన గడపగదిని కట్టాడు.

ఆర్కిటెక్టును పిలిపించారు. అతను గాజు మీద చెయ్యి ఆనించి, చెమర్చిన కళ్లతో, "కరచాలనం చేసినప్పుడు రెండు చేతుల మధ్యా కాస్త గాలి మిగులుతుంది చూశారా, అదే ఇది. నాకే తెలీకుండా వచ్చేసింది" అన్నాడు.

"అయ్యా, నేను గాలిని కాదు, నాకు నెలాఖరులోగా మా అక్క దగ్గరికెళ్లాలి" అంది కత్తెరక్క.

"తప్పకుండా వెళ్తారు" అని ఇద్దరు పెద్దమనుషులూ ఒకేసారి మాటిచ్చారు. మాటివ్వడంలో ఎవరూ వెనక్కి తగ్గలేదు.

దారి ఒక్కటే మిగిలింది. తగ్గిన బరువును ఆమె పూరించాలి. సొరుగులోంచి రాళ్లో, పుస్తకాలో లోపలికి పంపిద్దామని గార్డు అన్నాడు గానీ, భద్రతాధికారి ఒప్పుకోలేదు. అలా చేస్తే యంత్రాన్ని మోసం చేసినట్టవుతుందట. "భోజనం పంపండి, పళ్లెం మాత్రం సొరుగులోనే ఉండాలి, పలక మీద పెట్టకూడదు. తిని పెరిగిన బరువు ఆవిడ సొంతం. దాన్నెవరూ తప్పుపట్టలేరు" అన్నాడు.

ఇంకేముంది, రెండు వైపులా సొరుగుల్లో పళ్లేలు రావడం మొదలైంది. ఒక దేశం రొట్టెలు పంపితే ఇంకో దేశం రొట్టెలూ వెన్నా పంపింది. ఒకరు పళ్లు పంపితే ఇంకొకరు ఒలిచిన పళ్లు పంపారు. ఉడికించిన గుడ్లు, పాలు, కేకులు, నీళ్ల సీసాలు వరస కట్టాయి. వాటికి కత్తెరక్క చెప్పిన సమాధానం ఒక్కటే.

"ఇప్పుడే తినొచ్చానండీ."

మర్నాడూ అదే అంది. ఆ మర్నాడూ అదే అంది. మనుషులు తలతిప్పినప్పుడు ఓ రొట్టెముక్క తుంపుకుని, రెండు గుక్కలు తాగి ప్రాణం నిలబెట్టుకునేది. అందరూ చూస్తుంటే తినమంటే ఆమె వల్ల కాదు. అదీ పరాయివాళ్ల సొమ్ము, బతిమాలి పెడుతున్న సొమ్ము. ఎంత బతిమాలితే ఆమె సొరుగును అంత దూరం నెట్టేసేది. తలుపు పైన ఎర్ర అంకెలతో ఆమె బరువు కనిపిస్తూ ఉండేది. అది పెరగాల్సింది పోయి రోజురోజుకీ దిగుతూ వచ్చింది.

జనం ఆగే చోటల్లా ఒక మరుగుదొడ్డి ఉండాలని ఆ ఊరి కట్టడాల నిబంధన కాబట్టి గది మూల ఒకటి ఉంది. ఆ నిబంధన పెట్టినవాడెవడో చల్లగా ఉండాలి. రాత్రిళ్లు ఆమె తన శాలువా పరుచుకుని పలక మీదే పడుకునేది. పొద్దున లేస్తే గాజుకు అవతల వీసాల వరస తయారుగా ఉండేది. వరసలో ఒకడి చొక్కా గుండీ వేలాడుతుంటే చూడలేక, "బాబూ, ఆ చొక్కా ఇలా సొరుగులో పడెయ్" అంది. జాకెట్టు అంచుకు ఎప్పుడూ సూదీ దారం గుచ్చి ఉంచుకోవడం ఆమె అలవాటు. ఆ తర్వాత ఇంక చూడండి. చిరిగిన జేబులు, ఊడిన అంచులు, తెగిన సంచి పట్టీలు సొరుగులోంచి వెళ్లి బాగుపడి తిరిగొచ్చాయి. విదేశాంగ శాఖ పెద్దాయన కోటు అస్తరు కుట్టించుకున్నాడు. రాయబారి తన దేశపు జెండా అంచు కుట్టించుకున్నాడు. ఆర్కిటెక్టు ఊరికే వచ్చి ఒక మంచి గుండీని తనే తెంపుకుని ఇచ్చాడు. ప్రతివాడూ పోతూ పోతూ ఏదో ఒకటి తినమని బతిమాలేవాడు. "పర్లేదు నాయనా, నువ్వు తిను" అనేది.

ఆ ఆరడుగుల నేలలో ఒక మనిషి కాపురం ఉంటోందన్న వార్త ఊరంతా పాకింది. ఎవరికీ కాని నేలలో కాపురం ఉన్న మనిషితో ఎలా మసలుకోవాలో రెండు ప్రభుత్వాలూ తెగ ఆలోచించి, చివరికి పొరుగు దేశంతో మసలుకున్నట్టే మసలుకోవడం మొదలుపెట్టాయి. రాయబారి పొద్దునపూట టై కట్టుకొచ్చి కుశలం అడిగేవాడు. పెద్దాయన సాయంత్రాలు పూలగుత్తితో వచ్చేవాడు, అది సొరుగులో పట్టక బయటే వాడిపోయేది. ఒకరోజు ఇద్దరూ కలిసి వచ్చారు.

"అమ్మా, మేమిద్దరం మాట్లాడుకున్నాం. ఈ నేలను మీరే ఉంచేసుకోండి. అప్పుడు గది మీదవుతుంది, మీరే కంపెనీవాళ్లకి ఫోను చేసి తలుపు తీయించుకోవచ్చు" అన్నాడు పెద్దాయన.

ఒక్క మాట అంటే చాలు. సరే అంటే చాలు. గార్డు ఫోను పట్టుకుని సిద్ధంగా నిలబడ్డాడు. కత్తెరక్క కళ్లలో ఆశ మెరిసింది, పెదవులు కదిలాయి. తీరా నోట్లోంచి ఏళ్ల తరబడి అలవాటైన మాటే వచ్చింది.

"నాకెందుకండీ అంత జాగా. మీరే తీసుకోండి."

అన్నాక నాలిక కరుచుకుంది. కానీ ఇద్దరు పెద్దమనుషులూ అప్పటికే ఆమె మాటను శిరసావహించి, మేం తీసుకోమంటే మేం తీసుకోమని ఒకరితో ఒకరు చెప్పుకుంటూ వెళ్లిపోయారు. ఆ రోజు కత్తెరక్క గాజుకు వీపు ఆనించి, మోకాళ్లలో తల దూర్చుకుని ఏడ్చింది. నెలాఖరు వచ్చేసింది. అక్క తన మొహం చూడకుండానే చీకట్లోకి వెళ్లిపోతుంది, దానికి కారణం ఈ గదీ కాదు, ఈ గీతలూ కాదు, తన పాడు నోరు. ఆ సంగతి ఆమెకు బాగా తెలుసు. తెలిసీ మార్చుకోలేకపోతున్నందుకే ఆ ఏడుపు.

గార్డు ఫోనును స్పీకరుకు ఆనించి అక్క కొడుకుతో మాట్లాడించాడు. అమ్మకు చెప్పొద్దురా అని ఆమె ఒట్టు వేయించుకుంది. వాడు ఒట్టు వేసి, ఫోను పెట్టేసి, నేరుగా వెళ్లి అమ్మకు చెప్పేశాడు.

రెండు రోజుల్లో అక్క వచ్చింది. ఆ మర్నాడే ఆపరేషన్, ఆ సాయంత్రమే తిరుగు విమానం. తన దేశపు మనిషి కాబట్టి రాయబారి ఆమెను తన కార్లో వెనక గేటు నుంచి తీసుకొచ్చి లోపలి తలుపు ముందు నిలబెట్టాడు. నల్ల కళ్లద్దాలు, చేతిలో నేలకు లాగేస్తున్న బరువైన పెట్టె. కళ్లద్దాలు తీసి గాజుకు ముక్కు ఆనించింది. మూడు పొరల నల్లగాజు. మంచి కళ్లకే మసకగా కనిపిస్తుంది, పోతున్న కళ్లకు ఏం కనిపిస్తుంది?

"దీంట్లో నా మొహమే కనబడుతోంది. దీన్ని చూసీ చూసీ ఎప్పుడో విసుగెత్తింది నాకు. ఎక్కడున్నావే చిట్టీ?"

ఆ పేరుతో పిలిచే మనిషి లోకంలో ఒక్కతే. కత్తెరక్క గాజు మీద అరచెయ్యి పెట్టింది. "ఇక్కడే ఉన్నానక్కా. నీ ఎదురుగానే."

"తలుపు తియ్."

"రాదక్కా. నేను బరువు తక్కువున్నాను."

"తిని చావచ్చుగా. ఇన్ని పళ్లేలు పెట్టారట."

"ఆకలి లేదక్కా."

అక్క పెట్టెను కింద పెట్టి దాని మీదే కూర్చుంది. రాయబారి కుర్చీ తెప్పించబోతే చెయ్యి ఊపి వద్దంది. అక్కకూ అదే జబ్బు మరి, ఎక్కడికి పోతుంది.

"చిట్టీ, ఒక సంగతి చెప్తాను విను" అంది మెల్లగా. "నువ్వు వద్దన్న ప్రతిసారీ ఇచ్చేదాని చెయ్యి అలా గాల్లో ఉండిపోతుందే. ఎంత చిన్నతనంగా ఉంటుందో తెలుసా? నీకు తెలీకపోవడమేంటి, నేనూ నీకదే చేశాను. పెట్టె తెరిస్తే దుప్పట్లో మిషను కనబడింది. నా చెల్లెలు ఇచ్చిందని కళ్లకద్దుకోవాల్సింది పోయి, నా మాట వినలేదని కోపం తెచ్చుకున్నాను. ఇన్నేళ్లూ ఆ కోపాన్ని పెంచుకున్నాను. రేపటికి నా కళ్లుంటాయో లేదో. నా దగ్గరున్న చూపు ఈ పూటకే. తిను తల్లీ."

కత్తెరక్క పళ్లెమున్న సొరుగును దగ్గరికి లాక్కుంది. బయట వీసాల వరస వరసంతా చూస్తోంది. రాయబారి, పెద్దాయన, ఆర్కిటెక్టు, గార్డు చూస్తున్నారు. ఆమె కళ్లు మూసుకుని రొట్టె నోట్లో పెట్టుకుంది.

తర్వాత గుడ్లు తింది. వెన్న వేలితో తీసుకుని తింది. ఒలిచిన పళ్లూ ఒలవని పళ్లూ తింది. ఒక దేశం కేకు, ఇంకో దేశం కేకు, ఏదీ చిన్నబుచ్చుకోకుండా రెండూ తింది. ఎర్ర అంకెలు ఒక్కొక్కటీ పైకి కదులుతుంటే బయట వరసలో ఎవరో గట్టిగా చదవడం మొదలుపెట్టారు. అర డజను సీసాల నీళ్లు తాగింది. ఇంకొంచెం ఉందనగా పొట్ట పట్టుకుని గోడకు జారగిలబడింది.

"ఇంక పట్టదక్కా."

"నీకు జ్వరమొస్తే అమ్మ చెంచాతో పాలు పట్టేది, గుర్తుందా? ఇంక పట్టదు అని అప్పుడూ ఇలాగే అనేదానివి. ఆ పైన ఇంకో గ్లాసు తాగేదానివి."

కత్తెరక్క నవ్వింది, ఏడ్చింది, గ్లాసుడు పాలు ఎత్తి గటగటా తాగేసింది. దీపం పచ్చగా వెలిగింది.

"ధన్యవాదాలు. మీరు పూర్తిగా వచ్చారు" అంది తియ్యని గొంతు.

లోపలి తలుపు పక్కకు జరిగింది. అక్క పెట్టె మీంచి లేచి, చెల్లెలి గడ్డం పట్టుకుని మొహాన్ని వెలుతురు వైపు తిప్పింది. నుదురు చూసింది, చెంపలు చూసింది, చెవి పక్కన తెల్లబడిన జుట్టును వేలితో పక్కకు తీసి చూసింది. ముక్కు ముక్కుకు తగిలేంత దగ్గరగా వచ్చి చూసింది. ఆ చూడడంలో తొందర లేదు. కార్యాలయం మొత్తం నిలబడిపోయింది.

"అచ్చం అమ్మలా అయిపోయావే. చెప్పలేదేం?" అంది.

"అడగలేదుగా నువ్వు."

అక్క పెట్టె తెరిచింది. అదే దుప్పటి, దాంట్లో అదే మిషను తల, నల్లగా, చక్రం ఉండాల్సిన చోట బోడిగా. రెండు చేతులతో ఎత్తి చెల్లెలి ముందు పట్టింది. "తీసుకో. ఇది నీది" అంది. అని, చెల్లెలు వద్దంటే అనాల్సిన మాటలన్నీ గొంతులో సిద్ధం చేసుకుని నిలబడింది.

కత్తెరక్క నాలిక చివరి దాకా వచ్చింది ఆ పాత మాట. విదేశాంగ శాఖ పెద్దాయన ఊపిరి బిగబట్టాడు.

"ఇలా ఇవ్వు" అంది కత్తెరక్క.

అక్క బిత్తరపోయింది. "అంతేనా?"

"అంతే. బరువుగా ఉంది, చేతులు నొప్పి పుడతాయి నీకు. ఇవ్వు."

"ఈ ముక్క అప్పుడే అనడానికి ఏం రోగమే నీకు" అని అక్క ఆమె భుజం మీద ఒకటి వేసి, అదే భుజం మీద తల పెట్టుకుని బావురుమంది.

ఈలోగా గార్డు భవనం చుట్టూ పరిగెత్తి వెనక గేటు నుంచి సంచి తెచ్చాడు. పాలరాతి నేల మీద మిషను పెట్టి, కత్తెరక్క చక్రాన్ని దాని ఇరుసుకు ఎక్కించి బిగించింది. ఎక్కడా వదులు లేకుండా అమరింది. రాయబారి మోకాళ్ల మీద కూర్చుని, తలొంచి, చక్రాన్నీ ఇరుసునూ పరీక్షగా చూశాడు.

"బంధుత్వం రుజువైంది" అని లేచి, అప్పటికప్పుడు ముద్ర వేయించి వీసా చేతికిచ్చాడు. "మీ అక్కగారితో పాటు ఈ సాయంత్రమే వెళ్లండి. విమానంలో చోటు కూడా చెప్పించాను."

"ఇవ్వండి" అంది కత్తెరక్క, అప్పుడే నేర్చిన మాట కాబట్టి కాస్త గట్టిగా.

"మిషను మీరొచ్చేదాకా ఆ గదిలోనే ఉంచుతానమ్మా. అక్కడైతే ఎవరూ నాదనరు" అన్నాడు గార్డు. ఆ పైన అలవాటు కొద్దీ చెయ్యి చాపాడు. "మీ సంచి ఇటివ్వండి, కారు దాకా తెస్తాను."

"వద్దు బాబూ" అంది ఆమె, సంచిని గుండెకు హత్తుకుని. ఈసారి ఆ మాటను ఎవరూ తప్పుపట్టలేదు.

కారు సిద్ధమైందని కబురొచ్చింది. అక్క లేవలేదు. నేల మీద చతికిలబడి, కళ్లద్దాలు పక్కన పెట్టి, కళ్లు మూసుకుంది.

"ఒక్కసారి తిప్పవే" అంది.

కత్తెరక్క చక్రం మీద చెయ్యి వేసి తిప్పింది. ముందు కిర్రుమంది, తర్వాత సూది కిందికి దిగి పైకి లేచి, దిగి లేచి, చిన్నప్పుడు నిద్రలో వినిపించిన టకటక మొదలైంది. అక్క చెవిని నేలకు దగ్గరగా వంచింది. చక్రం ఆగింది.

"ఇంకోసారి" అంది అక్క, కళ్లు తెరవకుండానే.

చెల్లెలు మళ్లీ తిప్పింది.